ఇంటిపేరు స్ట్రెప్టోకాకస్ సరే, అసలు పేరేంటి?

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినప్పుడు మోకాళ్ళ నొప్పుల మీద మాట్లాడమన్నారు. దాని మీద మాట్లాడటానికి ఎముకల డాక్టర్లు చాలామంది ఉన్నారు, నాకు తెలిసింది వేరే. నేను మైక్రోబయాలజీ డాక్టర్ని. రోగి ముఖం నేను మామూలుగా చూడను, రోగి ఒంట్లోంచి తీసిన రక్తమో, చీమో, నీరో సీసాల్లో నా బల్ల మీదికొస్తుంది, అందులో ఏ క్రిమి పెరుగుతోందో చూసి చెప్పడం నా పని. అందుకని ఈ సాయంత్రం అరుగుదల సంగతి వదిలేసి, ఉన్నట్టుండి ఒక కీలు వాచి, పట్టుకుంటే కాలిపోతూ, కదిలిస్తే ప్రాణం పోయేటట్టుండే జబ్బు గురించి చెబుతాను. మేం సెప్టిక్ ఆర్థ్రైటిస్ అంటాం, మామూలు మాటల్లో కీలుకి చీము పట్టడం. అందులోనూ ల్యాబ్ రిపోర్టుల్లో సగం పేరుతో వదిలేసే ఒక కుటుంబం ఉంది, దాని ఇంటిపేరు స్ట్రెప్టోకాకస్.

ముందు మా మేనత్త సంగతి చెప్పాలి. అత్తయ్యది గోదావరి పక్కన పల్లెటూరు. అరవై దాటాయి, షుగరుంది, అయినా నాట్లప్పుడు చేలోకి దిగకుండా ఉండలేని మనిషి. ఓ వానాకాలం ఆవిడకి కుడి మోకాలు వాచింది. 2006లో చికున్‌గున్యా మన ఊళ్ళని మంచాన పడేసి వెళ్ళినప్పటి నుంచి, ఏ కీలు వాచినా అదేనేమో అనుకోవడం, కాదంటే అరుగుదల, అదీ కాదంటే వాతం. దగ్గర్లో ఒకచోట చూపించుకుంటే, మోకాల్లోకే ఒక ఇంజెక్షన్ వేశారు. అది స్టెరాయిడ్ అని తర్వాత చీటీ చూస్తే తెలిసింది. రెండ్రోజులు హాయిగా ఉందట. మూడో రోజు నుంచి మళ్ళీ మొదలైంది, ఈసారి రెట్టింపు. జ్వరం లేదు కదా, ఇన్‌ఫెక్షన్ కాదులే అని ఇంకో నాలుగు రోజులు మాత్రలు మింగించారు. తొమ్మిదో రోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నానే అమ్మా" అంది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు చల్లబడిపోయింది, ఎందుకంటే అరిగిన మోకాలు దుప్పటి తగిలితే అరవదు.

పేర్లు చెప్పను, ఎవరి మీదా కేసు పెట్టడానికి రాలేదు. కానీ అక్కడ జరిగిన మూడు పొరపాట్లు రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతున్నాయి. ఒకటి, మోకాల్లోంచి నీరు తీసి చూడకుండా లోపలికి మందు ఎక్కించడం. క్రిములున్న కీలులో స్టెరాయిడ్ వేస్తే నొప్పి రెండ్రోజులు అణుగుతుంది, ఆ రెండ్రోజులూ క్రిములకి పండగే. రెండోది జ్వరం లేదని ధైర్యపడటం. చీము పట్టిన కీలుతో వచ్చేవాళ్ళలో సగానికి కొంచెం ఎక్కువమందికే జ్వరం కనిపిస్తుంది, పెద్ద వయసువాళ్ళకీ, షుగరున్నవాళ్ళకీ, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకీ ఒళ్ళు వెచ్చబడకుండానే కీలు కుళ్ళిపోవచ్చు. మూడోదానికి తర్వాత వస్తాను, అది నా వృత్తిలోవాళ్ళు చేసింది.

ఇప్పుడొక సిరంజి ఊహించుకోండి. మంచి మోకాల్లోంచి నీరు తీస్తే చాలా కొంచెమే వస్తుంది, లేత గడ్డి రంగులో, గుడ్డులోని తెల్లసొనలా జిగురుగా ఉంటుంది. సూది చివర నుంచి ఒక చుక్క వదిలితే పడీపడకుండా తీగలా సాగుతుంది. ఇంట్లో పాకం పట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, అచ్చం తీగపాకమే. ఆ జిగురే మన కీలుకి కందెన. చీము పట్టిన మోకాల్లోంచి తీసింది వేరుగా ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా, ఒక్కోసారి పసుపు కలిపిన మజ్జిగలా వస్తుంది, వదిలితే తీగ సాగదు, నీటి చుక్కల్లా టపటపా రాలిపోతుంది. గాజు గొట్టంలో పోసి వెనకాల న్యూస్‌పేపర్ పెడితే మంచి నీరు గుండా అక్షరాలు కనిపిస్తాయి, చీము నీరు గుండా కనిపించవు. మెషీన్లూ మైక్రోస్కోపూ అన్నీ ఆ తర్వాతి సంగతి. మంచి కీలు నీటిలో ఒక మైక్రోలీటరుకి తెల్లకణాలు 200 దాటవు, చీము పట్టినదాంట్లో చాలాసార్లు 50,000 దాటేస్తాయి. దాటనంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదని కొట్టేయడానికి లేదు, అలాగే గౌట్ అనే కీళ్ళ జబ్బులో వచ్చే స్ఫటికాలు కనిపించాయి కాబట్టి ఇంకేమీ లేదనీ అనుకోకూడదు, రెండూ ఒకే మోకాల్లో ఉన్నవి నేను చూశాను.

కీలులోకే క్రిములు ఎందుకు పోతాయని చాలామంది అడుగుతారు. కీలు లోపల సైనోవియం అని ఒక పల్చటి పొర ఉంటుంది, దాన్నిండా రక్తనాళాలు. ఒంట్లో చాలా పొరలకి కింద అడ్డుగోడలాంటి ఒక పట్టు ఉంటుంది, ఈ పొరకి అది లేదు. దాంతో రక్తంలో కొట్టుకొచ్చిన క్రిమి తేలిగ్గా కీలు నీటిలోకి జారిపోతుంది. లోపల ఎముకల చివర్లకి పూతలా ఉండే కార్టిలేజ్, మనవాళ్ళు గుజ్జు అనేది, దానికి సొంత రక్తనాళాలు లేవు, ఆ నీటిలోంచే తిండి తీసుకుంటుంది. నీరు చీమైతే దాని తిండి పోతుంది, పైగా క్రిములతో పోరాడటానికి వచ్చిన మన తెల్లకణాలు వదిలే ఎంజైములే దాన్ని తినేస్తాయి. కొన్ని రోజుల్లోనే అయిపోతుంది ఇదంతా. పెద్దవాళ్ళలో పోయిన గుజ్జు మళ్ళీ అలాగే పెరగదు. అందుకే గుండెపోటుకి పరిగెత్తినట్టు దీనికీ పరిగెత్తాలని నేను మొత్తుకుంటాను. చికిత్స అందినా వందలో పదిమంది దాకా ప్రాణం పోగొట్టుకునే జబ్బిది.

కీలుకి చీము పట్టించేవాటిలో మొదటి స్థానం స్టాఫిలోకాకస్ ఆరియస్‌ది, చాలాచోట్ల అదే. రెండో స్థానం స్ట్రెప్టోకాకస్ కుటుంబానిది. ఆ ఇంటిపేరు పెట్టింది వియన్నాలో పనిచేసిన సర్జన్ థియోడోర్ బిల్‌రోత్, 1874లో. మైక్రోస్కోపులో పూసల దండలా వరసగా కనిపిస్తాయి కాబట్టి గ్రీకు మాటల్లోంచి తీసి అలా పిలిచాడు. మనం ఇంటిపేరు ముందు చెప్పి పేరు తర్వాత చెప్పినట్టే వీటికీ ఇంటిపేరే ముందు. మన ఇంటిపేర్లు వింటే ఏ ఊరివాళ్ళో పట్టేసే పెద్దవాళ్ళుంటారు కదా. ఈ కుటుంబంలో అది కుదరదు, ఇంటిపేరు అందరికీ ఒకటే, ఎవరి ఊరేదో తెలియాలంటే రెండో పేరు తెలియాలి. ఒకటి మన నోట్లోంచి వస్తుంది, ఒకటి పేగులోంచి, ఒకటి కాలి వేళ్ళ సందులోంచి, ఒకటి చేప మొప్పల దగ్గర నుంచి. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఈ ఒక్క సంగతే. రెండో పేరు తెలిస్తే అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది, తెలిస్తేనే ఇంకెక్కడ వెతకాలో తెలుస్తుంది.

ల్యాబ్‌లో మేం గొర్రె రక్తం కలిపిన పలకల మీద వీటిని పెంచుతాం. తెల్లారేసరికి చిన్న చిన్న బొట్లు లేస్తాయి. కొన్ని తమ చుట్టూ ఉన్న రక్తాన్ని పూర్తిగా కరిగించేసి అద్దంలా ఖాళీ చేస్తాయి, కొన్ని పసరు రంగు పూస్తాయి, కొన్ని ఏమీ చేయవు. పూర్తిగా కరిగించేవాటిని 1933లో న్యూయార్క్‌లో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అనే ఆవిడ, వాటి పై పొరలో ఉండే చక్కెర పదార్థాల్ని బట్టి ఎ, బి, సి అంటూ గుంపులుగా విడదీశారు. తొంభై ఏళ్ళు దాటినా ఆ అక్షరాలే ఇంకా మా నోళ్ళలో ఆడుతున్నాయి. గ్రూప్ ఎ అందరికీ తెలిసిందే, గొంతునొప్పి, రుమాటిక్ జ్వరం. దాన్ని పక్కన పెట్టి, ఎక్కువగా పేరు వినబడని మిగతావాళ్ళ దగ్గరికి వెళ్దాం.

మా అత్తయ్య మోకాల్లో దొరికింది గ్రూప్ జి. పెద్దాసుపత్రిలో నీరు తీశారు, కానీ యాంటీబయాటిక్ రెండు డోసులు పడ్డాక తీశారు, దాంతో పలక మీద పెరిగింది నాలుగంటే నాలుగు బొట్లు. రిపోర్టులో "స్ట్రెప్టోకాకస్ జాతి, బయటి నుంచి కలిసిందై ఉండవచ్చు" అని రాసేశారు. అదీ మూడో పొరపాటు. నేను బతిమాలుకుని ఆ పలక తెప్పించుకున్నాను. నాలుగు బొట్ల చుట్టూ నాలుగు అద్దాలు, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల నా వేలు కనిపించింది. చర్మం మీద నుంచి పొరపాటున పడే క్రిమి అలా ఉండదు. పూర్తి పేరు స్ట్రెప్టోకాకస్ డిస్‌గలాక్టియే, ఈక్విసిమిలిస్. డిస్‌గలాక్టియే అంటే గ్రీకులో పాలు చెడగొట్టేది అని అర్థం, మొదట పశువుల పొదుగువాపులో గుర్తించారు. మనుషుల్లో ఉండేది దాని ఉపజాతి ఈక్విసిమిలిస్, చర్మం చీలిన చోట కాపురముంటుంది. పేరు తెలిసింది కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది. అత్తయ్య పాదాలు చూశాను, నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య నాని తెల్లబడి చీలిపోయి ఉంది. బురదలో దిగే ప్రతి కాలుకీ ఉండేదే, ఎవరూ చూడరు, చూసినా చెప్పుకోరు. అందులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మోకాల్లోకి. ఆ చీలికకి వైద్యం చేయకుండా మోకాలు ఒక్కటీ కడిగి పంపిస్తే వచ్చే ఏడు నాట్లకి మళ్ళీ అదే కథ.

గ్రూప్ బి పేరు స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే, అంటే పాలు లేకుండా చేసేది. ఇది కూడా పొదుగువాపు తెచ్చే క్రిమే. గర్భిణులకీ పసిపిల్లలకీ ప్రమాదమని మెడికల్ కాలేజీలో చదువుకున్నాం, అక్కడితో ఆపేశాం. నిజానికి గర్భంతో సంబంధం లేని పెద్దవాళ్ళలో, ముఖ్యంగా షుగరున్నవాళ్ళలో, ఇది కీళ్ళకీ వెన్నుపూసకీ చీము పట్టిస్తుంది, ఒక్కోసారి రెండు మూడు కీళ్ళు ఒకేసారి.

దీని గురించి సింగపూర్ కథ వినాల్సిందే. అక్కడ మన తెలుగువాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. 2015లో అక్కడి ఆసుపత్రుల్లో ఉన్నట్టుండి గ్రూప్ బి కేసులు పెరిగాయి. వచ్చినవాళ్ళలో చాలామంది అంత ముసలివాళ్ళు కారు, చెప్పుకోదగ్గ జబ్బులూ లేవు. మెదడు పొరల వాపు, కీళ్ళలో చీము. డాక్టర్లకి అంతుపట్టలేదు, ఎందుకంటే అప్పటిదాకా గ్రూప్ బి తిండి ద్వారా వస్తుందని ఎవరూ అనుకోలేదు. అక్కడ గంజిలాంటి అన్నంతో పాటు పల్చగా కోసిన పచ్చి చేప ముక్కలు తింటారు, అందులో వాడింది మంచినీటి చేపలు, బిగ్‌హెడ్ కార్పూ, మన కొర్రమీను జాతికే చెందిన ఇంకో చేపా. క్రిమి జన్యువులు చదివితే అన్నీ ఒకే రకం, ఎస్‌టీ 283 అని దానికి పేరు. చేపల్లోనూ అదే, మనుషుల్లోనూ అదే. వందకి పైగా కేసులు దానికి ముడిపడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులో, పచ్చిగా తినే వంటకాల్లో మంచినీటి చేపలు వాడకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఇంటిపేరు ఒక్కటే రాసి ఊరుకుని ఉంటే ఆ చేప దాకా ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. మన పులుసులో గంటసేపు ఉడికిన కొర్రమీనుకి భయపడక్కర్లేదండీ, దాంట్లో క్రిమి ఉన్నా బతకదు. విదేశాల్లో ఉన్న పిల్లలకి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

చేపల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1976లో అమెజాన్ నదిలో ఉండే ఒక డాల్ఫిన్ ఒంటి మీద గడ్డల్లోంచి కొత్త స్ట్రెప్టోకాకస్ తీశారు, ఆ డాల్ఫిన్ శాస్త్రీయ నామం ఇనియా, అందుకని దీనికి స్ట్రెప్టోకాకస్ ఇనియే అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత కెనడాలో, టొరంటో ప్రాంతంలో, కొందరికి చేతులు వాచి ఎర్రబడ్డాయి. అడిగితే అందరూ ఇంట్లో తాజా చేపలు శుభ్రం చేసినవాళ్ళే, ఎక్కువగా తిలాపియా, ముల్లో రెక్కో గుచ్చుకుందని చెప్పారు. చాలామందికి చర్మంతోనే ఆగింది, కానీ ఒకరికి గుండె కవాటం దాకా, మెదడు పొర దాకా వెళ్ళింది. మన భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల్లో పనిచేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. చేపముల్లు గుచ్చుకున్న చెయ్యి రెండో రోజుకి వాచి, వేలి కణుపు కదలకపోతే, "చేపల పని చేస్తాను" అన్న మాట డాక్టరుకి మీరే చెప్పాలి, ఆయన అడక్కపోవచ్చు. ఆ మాట చీటీ మీద ఉంటే నేను పలక మీద వేరే కళ్ళతో చూస్తాను.

పందుల్లో ఉండే స్ట్రెప్టోకాకస్ సుయిస్ కూడా కీళ్ళలోకి వస్తుంది, అయితే ఎక్కువగా మెదడు పొరల వాపు తెచ్చి వినికిడి పోగొడుతుంది. వియత్నాం, థాయ్‌లాండ్‌లో పచ్చి పంది రక్తం, ఉడకని మాంసం తినేవాళ్ళలో చూస్తారు. 2005లో చైనా సిచువాన్‌లో రెండు వందల మందికి పైగా పడ్డారు, జబ్బు పందుల్ని కోసినవాళ్ళే ఎక్కువ. గుర్రాల దగ్గర ఉండేది ఇంకొకటి, జూఎపిడెమికస్, కాచని పాలతో చేసిన జున్నులాంటి వాటిలోంచి కూడా మనుషులకి వచ్చింది. మనం పాలు పొంగించి తాగే అలవాటున్నవాళ్ళం, దాన్ని మానుకోవద్దు, ఈ మధ్య పచ్చిపాలే బలమని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు.

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా వినండి, నా ఉద్దేశంలో ఇవాళ్టి మాటల్లో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. స్ట్రెప్టోకాకస్ గాలోలిటికస్. పాత రిపోర్టుల్లో బోవిస్ అని ఉంటుంది, పాతకాలం డాక్టర్లకి ఆ పేరే తెలుసు. టానిన్లనే వగరు పదార్థాలు ఎక్కువుండే యూకలిప్టస్ ఆకులు తినే కోలా అనే ఆస్ట్రేలియా జంతువుల పేడలో దీన్ని పట్టుకుని 1995లో ఈ కొత్త పేరు పెట్టారు. మనుషుల్లో ఇది పెద్దపేగులో ఉంటుంది. కీలులోనో రక్తంలోనో ఇది దొరికిందంటే, పేగు గోడ ఎక్కడో చెడి ఇది బయటికి వచ్చిందని అనుమానించాలి. ఈ క్రిమికీ పెద్దపేగు క్యాన్సర్‌కీ సంబంధముందని 1951లోనే ఒక కేసు రాశారు, 1977లో పెద్ద అధ్యయనమే వచ్చింది. కాబట్టి భుజమో మోకాలో వాచి వచ్చిన మనిషికి ఈ పేరు రిపోర్టులో వస్తే రెండు పనులు జరగాలి. గుండె కవాటాలకి ఎకో, పేగుకి కొలనోస్కోపీ. మోకాలి నొప్పికి కిందనుంచి గొట్టం పెట్టి చూడటమేంటని రోగి తిరగబడతాడు, ఇంట్లోవాళ్ళూ తిరగబడతారు, అది నాకు తెలుసు. కూర్చోబెట్టి చెప్పాలి. ఇంకా లక్షణాలు మొదలవకముందే పేగులో చిన్న గడ్డ దొరికితే అప్పుడే తీసేయవచ్చు. రిపోర్టులో వట్టి స్ట్రెప్టోకాకస్ అని రాస్తే ఆ అవకాశం మనమే పోగొట్టినట్టు.

చివరి గుంపు నోట్లోవాళ్ళు. మైటిస్, ఒరాలిస్, శాంగ్వినిస్ అని చాలామంది, అందరూ పలక మీద పసరు రంగు పూసేవాళ్ళు. చిగుళ్ళు చెడినప్పుడు, పళ్ళు పుచ్చినప్పుడు రక్తంలోకి దిగుతారు, కొందరు గుండె కవాటం మీద స్థిరపడి అక్కడి నుంచి కీళ్ళకి పంపకాలు చేస్తారు. చర్మం మీదా నోట్లోనూ ఉండేవే కాబట్టి ల్యాబుల్లో వీటిని "కలిసినవి" అని కొట్టేయడం మరీ ఎక్కువ. రెండు వేర్వేరు నమూనాల్లో ఒకే క్రిమి పెరిగితే అది యాదృచ్ఛికం కాదని మా జూనియర్లకి ఎన్నిసార్లు చెప్పానో. వీళ్ళ పాత చుట్టం ఒకడున్నాడు, అబయోట్రోఫియా అని ఇప్పుడు వేరే ఇంటిపేరు పెట్టుకున్నాడు, మామూలు పలక మీద అసలు పెరగడు. విటమిన్ బి6 రకం ఒకటి దొరికితేనే పెరుగుతాడు, లేదంటే పలక మీద స్టాఫిలోకాకస్‌తో ఒక గీత గీస్తే, ఆ గీతని ఆనుకుని మాత్రమే ఆవగింజలో పదో వంతు బొట్లు లేస్తాయి, గీతకి దూరంగా ఒక్కటీ ఉండదు. మొదటిసారి చూసినప్పుడు వానాకాలం గోడవారన మాత్రమే నాచు పట్టినట్టు అనిపించింది నాకు. నీటికి రంగు వేసి మైక్రోస్కోపులో చూసే గ్రామ్ పరీక్షలో గొలుసులు కనిపించి, పలక మీద ఏమీ రాకపోతే ఈ గీత గీయమని టెక్నీషియన్లకి చెబుతున్నాను, ఇందాకటి నుంచి వెనక వరసలో రాసుకుంటున్నారు, ఇది కూడా రాసుకోండి. కీలు నీటిలో కొంత భాగాన్ని రక్తం కల్చర్ సీసాలో, అంటే రక్తంలోని క్రిముల్ని పెంచే సీసాలో, పోసి పెంచితే దొరికే అవకాశం పెరుగుతుంది, అదీ రాసుకోండి. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో మాల్డి టాఫ్ అనే యంత్రం ఉంది, బొట్టు పెట్టిన కొద్ది నిమిషాల్లో రెండో పేరు చెప్పేస్తుంది, పేరు రాయకపోవడానికి అక్కడ సాకేమీ మిగల్లేదు.

వైద్యం గురించి క్లుప్తంగా. వీటిలో చాలావాటికి ఇప్పటికీ పెన్సిలిన్ పనిచేస్తుంది, లేదంటే సెఫ్‌ట్రియాక్సోన్, చవకైన మందులే. నోటి స్ట్రెప్టోకాకస్‌లలో కొన్ని మొండికేస్తున్నాయి, అందుకే ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించాలి. మందు ఒక్కటే చాలదు, చీము బయటికి రావాలి, సూదితో పదే పదే తీసో, కీలులోకి సన్నటి గొట్టం పెట్టి చూసే ఆర్థ్రోస్కోపీతో కడిగో. సొంత కీలైతే మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు మందు. లోహపు కీలైతే కథ వేరు, లోహం మీద క్రిములు పాకుడు పట్టినట్టు పొర కట్టుకుంటాయి, మందు ఆ పొరలోకి సరిగా దిగదు. త్వరగా దొరికితే కీలు ఉంచి లోపలంతా గీకి కడుగుతారు, ఆలస్యమైతే కీలే తీసేయాలి. గుర్తుపెట్టుకోవాల్సిన వరస ఒకటే, ముందు నీరు తీయాలి, ఆ తర్వాత మందు. మనిషి స్పృహ తప్పే స్థితిలో ఉంటే తప్ప ఈ వరస మార్చకూడదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలో ఒక పెద్దాయన: "నాకు రెండు మోకాళ్ళూ మార్చారమ్మా. వచ్చే వారం పన్ను పీకించుకోవాలి. ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలా?")

మంచి ప్రశ్న బాబాయ్‌గారూ. ఒకప్పుడు అందరికీ ఇచ్చేవాళ్ళు. అమెరికా దంతవైద్యుల సంఘం 2015లో, మార్చిన కీళ్ళున్నవాళ్ళకి మామూలుగా అది అక్కర్లేదని చెప్పింది. మీకు గుండె కవాటం ఆపరేషన్ లాంటివి ఉంటే లెక్క వేరు, మీ సర్జన్‌నీ పళ్ళ డాక్టర్నీ ఇద్దర్నీ అడగండి. నిజానికి పన్ను పీకిన రోజు కంటే, పుచ్చిన పన్నుని ఏడాదిపాటు నోట్లో పెట్టుకుని తిరగడమే ఎక్కువ ప్రమాదం, రోజూ నమిలినప్పుడల్లా కాసిని రక్తంలోకి దిగుతూనే ఉంటాయి. పీకించుకోండి, భయపడకండి. తర్వాత ఎప్పుడైనా ఒక మోకాలు ఉన్నట్టుండి వేడెక్కితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

(ఒక హౌస్‌సర్జన్: "మేడమ్, రాత్రి డ్యూటీలో గ్రామ్ పరీక్ష నెగెటివ్ వస్తే సెప్టిక్ కాదని రాసేయొచ్చా?")

రాయకూడదు నాన్నా. నిజంగా చీము పట్టిన కీళ్ళలో కూడా సగం, అంతకంటే ఎక్కువసార్లు, గ్రామ్ పరీక్షలో ఏమీ కనిపించదు. కణాల సంఖ్య చూడు, స్ఫటికాలు చూడు, రక్తం కల్చర్లు రెండు తీయి, సీనియర్‌ని నిద్ర లేపు. తిట్టినా ఫర్వాలేదు. కల్చర్ రెండు మూడు రోజులకి కూడా ఖాళీగా ఉండి, మనిషిని చూస్తే సెప్టిక్ అనిపిస్తుంటే, మిగిలిన నీటితో క్రిమి జన్యువుల్ని వెతికే పీసీఆర్ చేయించవచ్చు, కాబట్టి నీరంతా వాడేయకుండా కొంచెం ఫ్రిజ్‌లో దాచమని చెప్పు.

(వెనక నుంచి ఒకమ్మాయి: "మీ అత్తయ్యగారికి ఇప్పుడెలా ఉంది?")

రెండుసార్లు కడిగారమ్మా, నాలుగు వారాలు పెన్సిలిన్ ఎక్కించారు. ప్రాణం దక్కింది. మోకాలు సగం కంటే ఎక్కువ ముడవదు, కింద కూర్చోలేదు, పూజ కుర్చీలో కూర్చునే చేసుకుంటుంది. చేలోకి దిగడం లేదు, గట్టు మీద నిలబడి కూలీలకి చెబుతుంది. రోజూ పడుకునే ముందు పాత నూలుగుడ్డతో కాలి వేళ్ళ సందులు ఒక్కొక్కటే ఒత్తి తుడుచుకుని, వారానికోసారి వీడియో కాల్‌లో పాదం ఎత్తి నాకు చూపిస్తుంది. మొన్న ఆదివారం చూశాను, చీలిక లేదు.

రిపోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ఉంటే కింద మెట్ల దగ్గరికి రండి, అన్నీ చూసే వెళ్తాను.